తమిళనాడు ప్రభుత్వ కాలేజీలు, విశ్వవిద్యాలయాలు: మన తెలుగు కుటుంబాలు చూసుకోవలసినవి

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన మరునాటి నుంచే మా సంఘం కార్యాలయం మెట్లెక్కేవాళ్లు పెరుగుతారు. చేతిలో మార్కుల జాబితా, పక్కన కొడుకో కూతురో. అడిగేవి ఏటా దాదాపు అవే ప్రశ్నలు. "ఇది గవర్నమెంటు కాలేజీయేనా?" "తెలుగువాళ్లకు కోటా ఏమైనా ఉందా?" "కాలేజీలో తెలుగు తీసుకుంటే పిల్లకు ముందు ముందు ఇబ్బందా?" నోటితో చెప్పి చెప్పి గొంతు పోతోంది గనుక, మాకు తెలిసినంత ఇక్కడ రాసి పెడుతున్నాం. తమిళనాడు వరకే రాస్తున్నాం. మేము ఉన్నదీ, కాగితాలు చూసిందీ ఇక్కడే. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల పద్ధతులు వేరు. యానాం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కిందిది, అది కేంద్ర విశ్వవిద్యాలయం. అక్కడి లెక్క మరీ వేరు.

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు. లేదు. తమిళనాడు ప్రభుత్వ కాలేజీలలో తెలుగువారు అన్న కారణంతో ఒక్క సీటు కూడా ప్రత్యేకంగా ఉండదు. మనం భాషాపరమైన అల్పసంఖ్యాకులమే, ఆ మాట నిజం. కానీ రాజ్యాంగంలో 350ఎ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక విద్య వరకే. 30వ అధికరణం ఇచ్చేది మన విద్యాసంస్థలు మనం పెట్టుకుని నడుపుకునే హక్కు. ప్రభుత్వ కాలేజీలో సీటు ఇప్పించే హక్కు ఈ రెండింటిలోనూ లేదు. అక్కడ సీటు ఇచ్చేవి మార్కులు, కమ్యూనిటీ సర్టిఫికెట్. మైనారిటీ సర్టిఫికెట్ కోసం నెల రోజులు తిరిగి, కమ్యూనిటీ సర్టిఫికెట్ సంగతి మరిచిపోయిన కుటుంబాలను మేము చూశాం.

ఈ చదువులలో మన పాత వాటా

ఈ వ్యవస్థలో మనం నిన్నమొన్న వచ్చిన చుట్టాలం కాదు. 1840లో ఎగ్మూరులో చిన్న బడిగా మొదలైనదే తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857 సెప్టెంబరు 5న ఏర్పడింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల కాలేజీలన్నీ దీనికిందివే. బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయ సూరి ప్రెసిడెన్సీలో తెలుగు పండితుడు. కొక్కొండ వెంకటరత్నం పంతులు కూడా అక్కడే పాఠం చెప్పారు. వేదం వెంకటరాయ శాస్త్రి క్రిస్టియన్ కాలేజీలో చెప్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి ఆ క్రిస్టియన్ కాలేజీలో చదివినవారే. ఆంధ్ర విశ్వవిద్యాలయం విడిపోయిన మరుసటి ఏడాది, 1927లో, మద్రాసు విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన శాఖలు తెరిచింది. వాటిలో తెలుగు ఒకటి. కోరాడ రామకృష్ణయ్య గారు అందులో పనిచేశారు. ఆ శాఖ ఇప్పటికీ ఉంది, ఎం.ఏ., పరిశోధన నడుస్తున్నాయి. దాని సంగతి చివర్లో మళ్లీ చెబుతాం.

ఏ ఊరు ఏ విశ్వవిద్యాలయం కింద

తమిళనాడులో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలు జిల్లాల వారీగా విశ్వవిద్యాలయాల కింద ఉంటాయి. చెన్నై, దాని చుట్టుపక్కల జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయానికి. వేలూరు వైపు 2002లో వచ్చిన తిరువళ్లువర్. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్ పెరియార్ విశ్వవిద్యాలయం కింద (1997). కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, నీలగిరి భారతియార్. తిరుచ్చి, తంజావూరు వైపు భారతిదాసన్. ఈ రెండూ 1982 నాటివి. మదురై, తేని, దిండిగల్, విరుదునగర్ మదురై కామరాజ్‌కి చెందుతాయి. అంటే రాజపాళయం, సాత్తూరు, శివకాశి మనవాళ్లంతా అక్కడే. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లా గనుక తిరునల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ కిందికి వస్తుంది (1990). కారైకుడిలో అళగప్ప, కొడైకెనాల్‌లో మహిళలకు మదర్ థెరిసా, చిదంబరంలో 1929 నాటి అణ్ణామలై. అణ్ణామలై మొదట ప్రైవేటు దాత స్థాపించినది. 2013లో ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇవి కాక విషయాన్ని బట్టి నడిచేవి ఉన్నాయి. ఇంజినీరింగుకు అన్నా విశ్వవిద్యాలయం, వ్యవసాయానికి కోయంబత్తూరులోనిది, వైద్యానికి ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం, పశువైద్యానికి, న్యాయశాస్త్రానికి వేరు వేరు. పేరులో 'యూనివర్సిటీ' అని ఉన్నంత మాత్రాన ప్రభుత్వానిది కాదు. పెద్ద పెద్ద ప్రకటనలు వేసే డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఈ వరుసలోకి రావు. ఈ వ్యాసంలో చెప్పే రిజర్వేషను, కౌన్సెలింగ్, ఫీజు లెక్కలేవీ వాటిలో దొరుకుతాయని అనుకోవద్దు.

ఒకే గేటు, రెండు ఫీజులు

ఆర్ట్స్ కాలేజీలలో మూడు రకాలు. ప్రభుత్వ కాలేజీ: స్థలం, భవనం, జీతాలు అన్నీ ప్రభుత్వానివి. ఇవి ఇప్పుడు 160 దాటాయి. బీఏ, బీఎస్సీ, బీకాంలకు ట్యూషన్ ఫీజు లేదు. ప్రత్యేక రుసుం, పరీక్ష ఫీజు లాంటివి మాత్రం కట్టాలి. రెండోది ఎయిడెడ్ కాలేజీ: యాజమాన్యం ట్రస్టుది, మంజూరైన పోస్టులకు జీతం ప్రభుత్వానిది. మూడోది సెల్ఫ్ ఫైనాన్స్, మొత్తం విద్యార్థుల ఫీజుతో నడిచేది.

తికమక ఎక్కడంటే ఎయిడెడ్ కాలేజీలో. అదే ప్రాంగణంలో కొన్ని కోర్సులు ఎయిడెడ్, కొన్ని సెల్ఫ్ ఫైనాన్స్. చాలాచోట్ల రెండోది మధ్యాహ్నం షిఫ్టు. గేటు ఒకటే, బోర్డు ఒకటే, డిగ్రీ మీద పేరూ ఒకటే. మాకు తెలిసిన ఒక నేత కుటుంబం కూతుర్ని బీకాంలో చేర్చి, మొదటి ఏడాదికి అప్పు తెచ్చి డబ్బు కట్టింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ ఎందుకులెండి. తరువాత రసీదు మా దగ్గరికి తెచ్చారు. మేము ఆఫీసులో గుమస్తాగా బతుకు గడిపినవాళ్లం గనుక రసీదులో మొదట చూసేది మూలన ఉండే చిన్న అక్షరాలే. 'ఎస్.ఎఫ్.' అని ఉంది. అదే ఊళ్లో ప్రభుత్వ మహిళా కాలేజీలో అదే బీకాం ఉంది. అమ్మాయి మార్కులకు అక్కడ సీటు వచ్చి ఉండేది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. అందుకే డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: ఈ కోర్సు ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా? నోటిమాట కాదు, కాగితం మీద చూపించమనండి.

'అటానమస్' అన్న మాట చూసి కూడా కొందరు ప్రైవేటు అనుకుంటారు. అది వేరే సంగతి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ పాఠ్యప్రణాళిక, పరీక్ష తనే పెట్టుకుంటుంది, డిగ్రీ విశ్వవిద్యాలయమే ఇస్తుంది. ప్రెసిడెన్సీ లాంటి ప్రభుత్వ కాలేజీలూ అటానమస్‌వే.

ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీల దరఖాస్తు కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లోనే. మామూలుగా మే నెలలో తెరుస్తారు. ఒకే దరఖాస్తులో ఐదు కాలేజీల దాకా ఎంచుకోవచ్చు. ఖర్చు రిజిస్ట్రేషన్‌తో కలిపి 50 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 2 రూపాయలు మాత్రమే. ఇంట్లో కంప్యూటరు లేకపోతే ఏ ప్రభుత్వ కాలేజీలోనైనా సహాయ కేంద్రం ఉంటుంది. బ్రౌజింగ్ సెంటరులో మూడు వందలు ఇచ్చి, తప్పుడు కోర్సు కోడుతో వచ్చిన పిల్లల్ని చూశాం. సహాయ కేంద్రానికే వెళ్లండి.

ఇంజినీరింగుకు ఇక్కడ రాష్ట్ర ప్రవేశ పరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులే కటాఫ్: గణితం 100, భౌతికం 50, రసాయనం 50, మొత్తం 200కి. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైంది. నాగార్జునసాగర్ కె.ఎల్. రావు గారు చదివింది అక్కడే. అది, క్రోంపేట ఎంఐటీ, ఏసీ టెక్ అన్నా విశ్వవిద్యాలయం సొంత ప్రాంగణాలు. ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలు కోయంబత్తూరు, సేలం, తిరునల్వేలి, బర్గూరు మొదలైన చోట్ల ఉన్నాయి. బర్గూరు కృష్ణగిరి జిల్లాలోనే ఉన్నా హోసూరు వైపు మనవాళ్లు దాన్ని వదిలి బెంగళూరు ప్రైవేటు కాలేజీలకు లక్షలు కట్టడం మాకు అంతుబట్టదు. ప్రైవేటు కాలేజీలలో కూడా ప్రభుత్వ కౌన్సెలింగుకు ఇచ్చే సీట్లు ఉంటాయి. మామూలు కాలేజీ 65 శాతం, మైనారిటీ కాలేజీ 50 శాతం ఇస్తాయి. తెలుగు మైనారిటీ అన్న హోదా మనకు ఉపయోగపడేది ఇక్కడే: అలాంటి కాలేజీ తన దగ్గర ఉంచుకున్న సీట్లలో. డాక్టరు చదువుకు నీట్ తప్పదు. దాని గురించి మేము కొత్తగా చెప్పేది లేదు.

సర్టిఫికెట్

తమిళనాడులో రిజర్వేషను మొత్తం 69 శాతం. వెనుకబడిన తరగతులకు 26.5, ముస్లిం వెనుకబడినవారికి 3.5, అతి వెనుకబడిన తరగతులు, డీనోటిఫైడ్ వర్గాలకు కలిపి 20, ఎస్సీలకు 18, ఎస్టీలకు 1. మిగిలిన 31 అందరికీ. ఎస్సీల 18లో 3 శాతం 2009 నుంచి అరుంధతీయులకు. ఆ జాబితాలోని ఏడు పేర్లు మన ఊళ్లలో వినబడేవే: అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర. సర్టిఫికెట్‌లో 'ఎస్సీ' అని మాత్రమే ఉండి 'ఎస్సీఏ' అని లేకపోతే ఆ 3 శాతం అందదు. ముందే సరిచేయించుకోవాలి.

మనవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది 'నాయుడు', 'నాయకర్', 'రెడ్డి', 'చెట్టి' అన్న మాటల దగ్గర. ఇవి పేరు చివర పెట్టుకునే బిరుదులు. ప్రభుత్వ జాబితా బిరుదు చూడదు, కులం పేరు చూస్తుంది. వెనుకబడిన తరగతుల జాబితాలో గవర, గవరై, వడుగర్ అన్న పద్దు ఉంది. కానీ ఆ పద్దులోనే కమ్మ, కాపు, బలిజ, రెడ్డి కాకుండా అని స్పష్టంగా రాసి ఉంది. అంటే పక్క పక్క ఇళ్లలో ఉండే ఇద్దరు నాయుళ్లలో ఒకరు బీసీ, ఒకరు ఓసీ కావచ్చు. దేవాంగులు, పద్మశాలీలు, 24 మనై తెలుగు చెట్లు, గొల్లలు బీసీలో ఉన్నారు. తొట్టియ నాయకర్లు (రాజకంబళం, ఎర్రగొల్లలు వగైరా), బోయర్లు, ఒడ్డర్లు అతి వెనుకబడినవారి వైపు వస్తారు. బడి టి.సి.లో 'హిందూ నాయుడు' అని మాత్రమే రాసి ఉంటే అది ఎందుకూ కొరగాదు. తండ్రి సర్టిఫికెట్, తాతగారి పత్రాలు పట్టుకుని ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టి, వీఏఓ, ఆర్‌ఐల విచారణ అయ్యాకే వస్తుంది. ఫలితాలు వచ్చాక పెడితే ఆలస్యం. ప్లస్ వన్‌లోనే చేసుకోండి.

ఓసీ కుటుంబాలకు ఒక మాట. కేంద్రం ఇచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా తమిళనాడు రాష్ట్ర కాలేజీలలో అమలులో లేదు. ఆ సర్టిఫికెట్ తిరుచ్చి ఎన్ఐటీ, తిరువారూరు కేంద్ర విశ్వవిద్యాలయం లాంటి కేంద్ర సంస్థలకే పనికివస్తుంది. అలాగే కేంద్ర సంస్థలలో ఓబీసీ కోసం రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు, కేంద్ర నమూనాలో వేరే తీసుకోవాలి.

ఆంధ్ర నుంచి పెళ్లయి వచ్చిన కోడళ్లు, ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడి కుల ధ్రువపత్రం ఇక్కడ చూపిస్తే చెల్లదు. ఎస్సీ ఎస్టీల విషయంలో ఇది 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులోనే తేలింది. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న తెలుగు కుటుంబపు విద్యార్థి బొంబాయిలో మెడికల్ సీటు అడిగితే, ఒక రాష్ట్రపు గుర్తింపు ఇంకో రాష్ట్రంలోకి వెంట రాదని కోర్టు చెప్పింది. మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులకూ అదే వర్తిస్తుంది.

తిరుత్తణి, గుమ్మిడిపూండి, హోసూరు వైపు కుటుంబాలు పిల్లల్ని ఇంటర్మీడియట్‌కు తిరుపతికో నెల్లూరుకో పంపుతారు. బంధువులు ఉన్నారు, తెలుగు వస్తుంది, కోచింగ్ బాగుంటుంది, అన్నీ నిజమే. కానీ దాని ధర ముందే తెలుసుకోండి. ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా తమిళనాడులో చదివినవారికి ఇంజినీరింగ్ కౌన్సెలింగులో నేటివిటీ సర్టిఫికెట్ అక్కరలేదు. మధ్యలో బయటికి వెళితే కావాలి. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ఇక్కడి ప్రభుత్వ బడిలోనే చదివినవారికి ఉన్న 7.5 శాతం ప్రత్యేక కోటా పోతుంది. ఇంజినీరింగులో ఆ కోటాలో చేరినవారి ట్యూషన్, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ప్రభుత్వ బడి అంటే పంచాయతీ యూనియన్, మునిసిపల్, కార్పొరేషన్ బళ్లు కూడా. అక్కడ తెలుగు మాధ్యమంలో చదివినా ఈ కోటాకు అడ్డు లేదు. ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ పథకం (2022), మగపిల్లల తమిళ్ పుదల్వన్ (2024) కూడా ఆరు నుంచి ప్లస్ టూ లెక్క మీదే నడుస్తాయి. ఎయిడెడ్ బడి పిల్లలకు మాత్రం తమిళ మాధ్యమం అన్న షరతు ఉంది. మన ఎయిడెడ్ తెలుగు బళ్ల పిల్లలకు ఇది అన్యాయమేనని మా అభిప్రాయం. తిరిగి ఆంధ్రలోనే డిగ్రీ చదివిద్దామంటే అక్కడ మన పిల్లలు 'నాన్ లోకల్'. ఇక్కడా కాక అక్కడా కాక నిలబడిన పిల్లవాడిని మేము ఒకరిని కాదు, చాలామందిని చూశాం.

ఇంట్లో తాత అవ్వల నుంచి అన్నా అక్కల దాకా ఎవరికీ డిగ్రీ లేకపోతే 'తొలి పట్టభద్రుడు' సర్టిఫికెట్ తీసుకోండి. కౌన్సెలింగు ద్వారా వృత్తివిద్యలో చేరేవారికి ట్యూషన్ ఫీజు రాయితీ వస్తుంది. దీనికి కులంతో పని లేదు.

పార్ట్ వన్‌లో తెలుగు

ఇక్కడి డిగ్రీలో పార్ట్ వన్ తమిళం లేదా వేరొక భాష, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీ అసలు సబ్జెక్టు. పార్ట్ వన్‌లో తెలుగు తీసుకోవడం విశ్వవిద్యాలయ నిబంధనలలో ఉన్నదే, ఎవరూ దయతో ఇచ్చేది కాదు. అయితే కాలేజీలో తెలుగు అధ్యాపకులు ఉండాలి. చెన్నైలో కొన్ని పాత కాలేజీలలో ఉన్నారు. జిల్లాలలో అరుదు.

పార్ట్ వన్‌లో తెలుగు తీసుకుంటే తమిళం పూర్తిగా తప్పిపోతుందని కొందరి భయం, కొందరి ఆశ. రెండూ సరికాదు. పార్ట్ ఫోర్ అని ఒకటి ఉంది. ప్లస్ టూ దాకా తమిళం చదవనివారు అందులో ప్రాథమిక తమిళం రెండు పేపర్లు రాయాలి, స్థాయి ఆరో తరగతిది. బడిలో తమిళం చదివి కాలేజీలో తెలుగు తీసుకున్నవారికి అదే చోట ఉన్నత స్థాయి తమిళం రెండు పేపర్లు. మన పిల్లలకు ఇది కష్టం కాదు, వీధిలో మాట్లాడేది ఆ భాషే కదా.

కష్టం వేరేచోట ఉంది, దాచకుండా చెప్పాలి. టీఎన్‌పీఎస్‌సీ పరీక్షలలో 2021 చివరి ఉత్తర్వు తరువాత తమిళ అర్హత పేపరు తప్పనిసరి. పదో తరగతి స్థాయిలో ఉంటుంది, 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. పైగా తమిళ మాధ్యమంలో చదివినవారికి ఉద్యోగాలలో 20 శాతం ప్రాధాన్యం ఉంది, అది మనకు రాదు. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగం మనసులో ఉన్న పిల్లలు కాలేజీలో తెలుగు తీసుకున్నా, ఇంట్లో పదో తరగతి తమిళ పుస్తకం దగ్గర పెట్టుకోవాలి. తెలుగు వదిలేయమని మేము అనడం లేదు. రెండూ మోయగల వయసు అది.

మాకు కంగారు పుట్టించేది ఇంకొకటి. ఒక కాలేజీలో చాలా ఏళ్లు ఒక్క తెలుగు లెక్చరరు ఉండేవారు. ఆవిడ రిటైరయ్యాక ఆ ఖాళీలో గెస్ట్ లెక్చరరు వచ్చారు, తరువాత ఆయనా మానేశారు. ప్రిన్సిపాలు గారిని కలిసి అడిగితే రిజిస్టరు తీసి చూపించారు. ఆ ఏడాది చేరినవారిలో మాతృభాష తెలుగు అని రాసినవారు చాలామంది. పార్ట్ వన్ తెలుగు కావాలని రాసినవారు ఇద్దరు. "ఇద్దరి కోసం పోస్టు ఎలా అడగమంటారు సార్" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆ చాలామందిలో మా సంఘం సభ్యుల పిల్లలూ ఉన్నారు. ఉగాదికి పద్యాలు చదివి బహుమతులు తీసుకున్న పిల్లలే. తమిళంలో మార్కులు బాగా వస్తాయనో, స్నేహితులు ఆ సెక్షన్‌లో ఉన్నారనో తెలుగు రాయలేదు. పై తరగతులకు వెళ్లేవారు తగ్గితే విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు కూడా పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు? కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, మన సరిహద్దుకు దగ్గరే. కానీ తమిళనాడులో పుట్టి ఇక్కడే ఉద్యోగం చూసుకునే పిల్లకు చెన్నైలోని శాఖ తలుపు తెరిచి ఉండటం వేరు.

చేరే రోజున కాలేజీ ఫారంలో పార్ట్ వన్ భాష గడి ఉంటుంది. గుమస్తా అలవాటుగా 'తమిళ్' అని రాసేస్తాడు, ఆయన తప్పేం కాదు. తెలుగు కావాలంటే అక్కడే చెప్పాలి. అధ్యాపకులు లేరంటే, కోరినవాళ్లంతా కలిసి ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి. విడివిడిగా అడిగితే ఎవరికీ గుర్తుండదు. ముద్ర ఉన్న కాగితం ఫైలులో నిలుస్తుంది, పోస్టు అడిగేటప్పుడు అదే ఆధారం. ఉత్తరం నమూనా తమిళంలోనూ ఇంగ్లీషులోనూ మా కార్యాలయంలో టైపు చేసి పెట్టాం. అడ్మిషన్ల రోజుల్లో ఆదివారం తప్ప రోజూ పది నుంచి ఒంటిగంట దాకా మాలో ఎవరో ఒకరు ఉంటాం. వచ్చేటప్పుడు తండ్రి కమ్యూనిటీ సర్టిఫికెట్, పిల్లల టి.సి. నకళ్లు వెంట తెచ్చుకోండి.